పాలు పొంగని కుంపటి

శుక్తిపుర నగరంలో ఆ రోజు తెల్లవారగానే వినిపించింది కోడికూత కాదు, చుయ్‌మన్న చప్పుడు. ఒక వీధిలో కాదు, ఒక వాడలో కాదు. పగడపు గుమ్మాలున్న సామంతుల మేడల్లో, ముత్యపుచిప్పల సున్నంతో తళతళలాడే పడవవాళ్ళ పాకల్లో, సాలెవాడలో, కంచరివీధిలో, కోట వెనక చాకిరేవు గట్టున, ఆఖరికి రేవులో లంగరు వేసిన చేపల దోనెల మీద కూడా కుంపట్లు వెలిగాయి. వాటి మీద పాలు పొంగి, నిప్పుల మీద పడి చుయ్‌మన్నాయి. పన్నెండు బురుజుల మహానగరమంతా మాడిన పాల వాసన కమ్ముకుంది.

ఎందుకంటారా? మూటల కోసం! ఆ మూటల సంగతి చెప్పాలంటే మూడు నెలలు వెనక్కి పోవాలి.

సముద్రం అవతలి దీవుల నుంచి గాజులు, కర్పూరం, రంగుపట్టు, మిరియాలు ఓడలకొద్దీ వచ్చి పడుతుంటే ఊళ్ళో మగ్గాలూ కొలుములూ మూలపడ్డాయి. అది చూసి హేమాంగద మహారాజు రేవులో దిగే ప్రతి సరుకు మీదా సుంకం వేశాడు. మగ్గాలు మళ్ళీ ఆడాయి. ఖజానా నిండింది. మహారాజు మీసం మెలేశాడు. అప్పుడు సంపంగి అనే కుమ్మరి పిల్ల నిండు కొలువులోకి దూసుకొచ్చి చేతి గాజులు గలగల్లాడించింది.

“మహారాజా! పోయినేడు ఈ గాజుల జత ఒక రూక. ఇప్పుడు రెండు. సుంకం ఓడలవాళ్ళు కట్టారని మీ పెద్దలంటున్నారు. వాళ్ళెక్కడ కట్టారండీ? ధరలో కలిపి తెచ్చి మా చేతికి తొడిగారు! కట్టింది నేను. మరి నాకేం ముట్టింది?”

 “భేష్!” అన్న గొంతు ఒక్కటే వినిపించింది. అది యువరాజు జయంతసేనుడిది. సంపంగి అతనివైపు చూసి నవ్వింది.

మహారాజు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. “నిజం. ఇళ్ళ నుంచి వచ్చిన సొమ్ము ఇళ్ళకే పోవాలి. రేవు సుంకమంతా మూటలు కట్టించి ఇంటికొకటి పంచండి” అన్నాడు.

ఆ మాటకు నౌకాధిపతి మకరాక్షుడి ఒళ్ళు భగ్గుమంది. అతనికి ముప్ఫై ఓడలున్నాయి, ఏడు మేడలున్నాయి, బంగారు ఉయ్యాల ఉంది. ఇన్ని ఉన్నవాడికి, కుమ్మరిదాని గుడిసెలోకి ఒక మూట వెళుతుందంటే కంటికి కునుకు రాలేదు! ఏం చేస్తాం, కొందరి కళ్ళు అలా తయారయ్యాయి. అతను చేతులు జోడించి తియ్యగా ఒక మెలిక పెట్టాడు. “చిత్తం ప్రభూ. కానీ పంచుతామన్న నాడు పొద్దు వాలేలోగా ఒక్క ఇంటికి అందకపోయినా ఈ పంపకం శాశ్వతంగా రద్దు కావాలి. సుంకమంతా మా ఓడలకు వాపసు రావాలి.”

మహారాజు పౌరుషంకొద్దీ సరే అనేశాడు. వెంటనే మరో గొంతు ఖంగుమంది. “ఒక్క మూట తగ్గినా నా తల తీయించండి, మహారాజా!”

ఆ మాట అన్నవాడే మన కేయూరుడు. ఉప్పు తూచేవాడి కొడుకు, రేవు కాపలాదళానికి నాయకుడు, జయంతసేనుడికి చిన్ననాటి నేస్తం. మూడు కొక్కేల చిన్న లంగరుకు తాడు కట్టి విసిరితే ఎగిరే కొంగ కాలైనా తప్పించుకోలేదని పేరు. అలాంటివాడు ఉన్నపళంగా తల ఎందుకు పందెం ఒడ్డాడు? రాజభక్తి అని కొలువంతా మెచ్చుకుంది. రాజభక్తీ లేదు, పాడూ లేదు. యువరాజు ఒక్క మాటతో సంపంగి నవ్వు కొట్టేశాడు కదా, తను తల పెట్టైనా ఆ పిల్ల ఒక్కసారి తనవైపు చూసేలా చెయ్యాలని! ఆ పిల్ల చూసింది. “పిచ్చివాడా” అన్నట్టు చూసింది.

ఇక ఇల్లంటే ఏమిటన్న దగ్గర పండితులు మూడు రోజులు కొట్టుకున్నారు. కప్పు ఉన్నదే ఇల్లంటే దోనెల మీద బతికే జాలర్ల గతేమిటి? గడప ఉన్నదంటే గుడారాల వాళ్ళ మాటేమిటి? చివరికి మహారాజే తేల్చేశాడు. “ఏ కుంపటి మీద పాలు పొంగాయో అదే ఇల్లు. నేల మీద ఉన్నా, నీళ్ళ మీద ఉన్నా సరే. కుంపటికొక మూట!” మాట ఎంత చల్లగా ఉందో, దాని వెనకాల వచ్చిన తంటా అంత వేడిగా ఉంది. నగరంలో ఉన్నట్టుండి అందరూ వేరు కుంపట్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. సంపంగి తిప్పే సారెకు, కుండలు కాల్చే ఆవానికి మూడు నెలలుగా ఊపిరాడలేదు.

పంపకం నాడు రేవు మైదానంలో ఎర్రగుడ్డ మూటలు గుట్టలుగా పోశారు. కుంపట్లు చంకన పెట్టుకుని జనం బారులు తీరారు. కేయూరుడి తనిఖీ చాలా సులువు. కుంపటి అంచున పాలు పొంగి మాడిన చార ఉంటే మూట. లేకపోతే పక్కనే పాలకాగు, పిడకలు సిద్ధం, అక్కడే పొంగించుకోవచ్చు.

“ఏమే పోలీ! నిన్న పొద్దుగూకేదాకా మనందరిదీ ఒకే వంట కదే! రాత్రికి రాత్రి వేరు కాపురమా?” అని వరసలో ఒకావిడ చెయ్యి తిప్పింది.

“నీకెందుకక్కా కడుపుమంట? వేరు కుంపటి పెట్టాను, పాలు పొంగించాను, మూటకి నిలబడ్డాను. కావాలంటే నీ మరిదినడుగు.”

“ఏడీ అడగడానికి? ఇంకా నా వంటింట్లోనే కూచుని అంబలి జుర్రుతున్నాడు!”

వరసంతా ఘొల్లుమంది. కేయూరుడు కూడా నవ్వి ఇద్దరి కుంపట్లూ చూసి, “చార ఉందమ్మా. చెరొకటి తీసుకుని ఇంటికెళ్ళి పోట్లాడుకోండి” అన్నాడు.

అతని నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మైదానం చివర, కుండల బండి దగ్గర జయంతసేనుడూ సంపంగీ తలలు దగ్గరగా పెట్టి గుసగుసలాడుతున్నారు. సంపంగి ఏదో చూపిస్తోంది. యువరాజు మెచ్చుకుంటూ తలాడిస్తున్నాడు. కేయూరుడు అటు తిరగ్గానే సంపంగి గబుక్కున దాని మీద గుడ్డ కప్పేసింది.

కప్పేసింది! అతని దగ్గర దాచవలసినదేముంది?

అంతకంటే ముందే ఒక ముల్లు గుచ్చుకుని ఉంది. పొద్దున మూటలు చూసుకుంటే కుంపట్ల కంటే ఒకటి ఎక్కువగా ఉంది. ఎవరిదని అడిగేలోపే జయంతసేనుడు దాన్ని తీసి నడుముకు కట్టుకుని, “ఇది నా దగ్గరుంటుంది మిత్రమా. సాయంత్రం తెలుస్తుందిలే” అని కన్నుగీటాడు. ఇప్పుడు అర్థమైంది కేయూరుడికి. యువరాజు వేరు కుంపటి పెడుతున్నాడు. ఎవరితోనో చెప్పక్కర్లేదు. అతని గుండెల్లో నిప్పులు పోసినట్టయింది. కోట నీది, గుర్రాలు నీవి, రేపు సింహాసనమూ నీదే. కుమ్మరి గుడిసెలో ఉన్న ఆ ఒక్క నవ్వు కూడా నీకే కావాలా జయంతా? చిన్నప్పుడు తాటికాయ బండి చెరిసగం లాక్కున్నాం కదరా! అనుకుని పళ్ళు నూరాడు. పళ్ళు నూరుతూనే మూటలిస్తున్నాడు. పని మాత్రం తప్పలేదు, అది మెచ్చుకోవాలి.

సరిగ్గా మధ్యాహ్నానికి, మూటలు మూడొంతులు పంచడం అయ్యాక, నడుం వంగిన ఒక ముసలవ్వ కుంపటి పట్టుకుని వరస వెంట నడవసాగింది. ఆ కుంపటిలో సాంబ్రాణి లాంటిదేదో చిటపటలాడుతోంది. ఊదారంగు పొగ సన్నగా లేచి, పక్కకు జారి, మనుషుల ముఖాలను తడుముతూ పోతోంది.

“అవ్వా, వరసలో రా!” అని కసిరాడో భటుడు.

“వస్తాను నాయనా, వస్తాను. ముసలిదాన్ని, దిష్టి తగలకుండా పొగ వేస్తున్నాను” అంటూ అవ్వ ముందుకు సాగిపోయింది.

పొగ సోకిన చోటల్లా మనుషులు కళ్ళు నులుముకున్నారు. నులుముకుని చూసేసరికి, ఎవరి చేతిలో మూట వాళ్ళకు నిమ్మకాయంత కనిపించింది. పక్కవాడిది గుమ్మడికాయంత కనిపించింది!

“ఓరి దుర్మార్గుడా! నీకంత మూటెందుకిచ్చారు?”

“నాకా? నాది చూడు, చారెడు లేదు! నీదే బానంత ఉంది!”

“పోలీ! దొంగమొహమా! నా వాటా కూడా నువ్వే తీసుకున్నావే!”

“అక్కా, అబద్ధాలాడితే కళ్ళు పోతాయి! ఏదీ, అటు తే!”

తోడికోడళ్ళు జుట్లు పట్టుకున్నారు. అన్నదమ్ములు కలబడ్డారు. నలభై ఏళ్ళుగా ఒకే దోనె మీద వేటకు వెళ్ళిన జాలర్లు తెడ్లు ఎత్తారు. మూటలు లాగారు, చింపారు, తన్నుకున్నారు, కుంపట్లు దొర్లాయి, నిప్పులు చెదిరాయి. “రాజు మోసం చేశాడు! కొందరికే కట్టబెట్టాడు!” అని ఎవడో అరిచాడు. ఆ అరుపు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. మేడ మీద నుంచి చూస్తున్న మకరాక్షుడు తాంబూలం నోట్లో పెట్టుకుని హాయిగా వెనక్కి వాలాడు.

“ఆగండి! మూటలన్నీ ఒక్కలాంటివే! నేను తూచి కట్టించాను!” అని కేయూరుడు గొంతు చించుకుని అరుస్తూ జనంలోకి ఉరికాడు. ఊదాపొగ గుప్పున అతని ముఖం మీద కొట్టింది.

కళ్ళు మండాయి. తెరిచి చూశాడు. జనం లేరు, మూటలు లేవు. కుండల బండి రత్నఖచితమైన పెళ్ళిపీటలా వెలిగిపోతోంది. దాని మీద జయంతసేనుడు కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. సంపంగి అతని మెడలో దండ వేస్తోంది. ఇద్దరూ కేయూరుడి వైపు వేలు చూపి పగలబడి నవ్వుతున్నారు.

“జయంతా!” అని గర్జించి కత్తి దూశాడు కేయూరుడు.

ఒక్క దూకుతో బండి మీదకు ఉరికాడు. కుండలు భళ్ళుమన్నాయి. జయంతసేనుడు వెనక్కి పల్టీ కొట్టి కత్తి దూసి దెబ్బ కాచుకున్నాడు. “కేయూరా! నేనురా! నీకేమైంది?” అంటూనే మరో దెబ్బ, మరో దెబ్బ కాచుకుంటూ రేవు మెట్ల మీదుగా వెనక్కి నడిచాడు. కత్తులు ఖణేలుమన్నాయి. మెట్ల మీద నుంచి పట్టుబేళ్ళ మీదకు, అక్కడి నుంచి ఓడ అంచుకు, అంచు మీద నుంచి తాళ్ళ నిచ్చెనకు ఎగబాకారు ఇద్దరూ. కేయూరుడి కత్తి యువరాజు తలపాగా ఎగరగొట్టింది. రెండో వేటు భుజం కోసింది. యువరాజు మాత్రం ఒక్క వేటైనా వెయ్యలేదు, కాచుకోవడమే. “కొట్టు జయంతా! రాజు బిడ్డవు కదా, కొట్టు! అన్నీ నీకే కావాలి కదూ!” అని కేయూరుడు ఏడుస్తూ అరుస్తున్నాడు. ఏడుస్తున్నానని కూడా అతనికి తెలియదు.

నిచ్చెన తెగింది. ఇద్దరూ ధబాలున మైదానంలో పడ్డారు. కేయూరుడు కత్తి రెండు చేతులా పైకెత్తాడు.

చప్‌! గోరువెచ్చని పాలు ముంతెడు అతని ముఖాన పడ్డాయి.

“చాల్లే నీ వీరంగం! కళ్ళు తుడుచుకుని చూడు ఎవరిని నరకబోతున్నావో!” ఎదురుగా సంపంగి ఖాళీ ముంతతో నిలబడి రొప్పుతోంది. ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి. ఆవం పొగలో పుట్టి పెరిగిన ఆ కళ్ళకు ఏ పొగా అంటదు.

పాలు కారుతుంటే కేయూరుడి కళ్ళ ముందు పెళ్ళిపీట కరిగిపోయింది. కింద నెత్తురోడుతున్న స్నేహితుడు కనిపించాడు. కత్తి జారిపోయింది. “జయంతా, నేను…” అంటూ అతన్ని లేపబోయాడు.

“తర్వాత ఏడుద్దువుగాని. ముందు జనం సంగతి చూడు” అన్నాడు జయంతసేనుడు భుజం పట్టుకుని లేస్తూ.

కేయూరుడు ఎగిరి మూటల గుట్ట మీదకెక్కాడు. “అవ్వ కుంపటి పొగ ఇది! పాలు! అందరూ పాలు పొంగించండి! కాగులో పాలు తీసుకోండి, మీ మీ కుంపట్ల మీద పెట్టండి! పొంగించి నిప్పుల మీద పడనివ్వండి! లేకపోతే ఈ పూట ఒకరినొకరు చంపుకుంటారు!”

పొగ సోకని వాళ్ళు కొందరు ముందు కదిలారు. సంపంగి ముంతలతో పరుగులు తీసింది. ఒక కుంపటి మీద పాలు పొంగాయి, పది మీద పొంగాయి, వంద మీద పొంగాయి. చుయ్‌! చుయ్‌! తెల్లని ఆవిరి మబ్బులా లేచి ఊదాపొగను ఊడ్చుకుపోయింది. మనుషుల కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. గుమ్మడికాయలన్నీ మళ్ళీ మామూలు మూటలయ్యాయి.

పోలి చేతిలో తోడికోడలి జుట్టు పోచ ఉంది. దాన్ని చూసి సిగ్గుపడి, “అక్కా, నొప్పిగా ఉందా?” అంది.

“ఉండదూ మరి! సర్లే, పద. మీ ఆయన అంబలి అయిపోయి ఉంటుంది” అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ.

చెదిరిన మూటలు ఎవరివి వాళ్ళకు చేరాయి, మిగిలినవీ పంచేశారు. కేయూరుడు సరాసరి ముసలవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు. “అవ్వా, నీ కుంపటికి పాల చార లేదే?”

“ఉంది నాయనా, నీ కళ్ళే సరిగ్గా లేవు.”

“అయితే మరోసారి పొంగించు. మహారాజు మాట తెలుసుగా? పాలు పొంగితే ఇల్లు. ఇదిగో పాలు.”

అవ్వ కదల్లేదు. కేయూరుడే ముంత అందుకుని ఆ కుంపటి మీద పెట్టాడు. మైదానమంతా మెడలు సాచింది. కింద నిప్పులు భగభగ మండుతున్నాయి. పైన పాలు ఉలకవు, పలకవు. చూస్తూ ఉండగా నీలంగా మారి, తర్వాత నల్లబడి, రాయిలా గడ్డకట్టుకుపోయాయి. ఏ ఇల్లాలూ ఎన్నడూ వెలిగించని నిప్పు అది, వంటకు పుట్టిన నిప్పు కాదు.

“హహ్హహ్హా!” ముసలవ్వ నడుం నిటారుగా లేచింది. నెరిసిన జుట్టు జడలుకట్టి బారలకొద్దీ పెరిగింది. ప్రతి జడ కొసా పొగలు కక్కింది. తాటిచెట్టంత ఎత్తున నిలిచాడు ధూమజటి, నల్లపొగ దీవి మాంత్రికుడు.

“ఓరి ఉప్పు తూచేవాడి కొడకా! నా కుంపటిని పట్టుకుని మురిసిపోతున్నావా? ఇది ఉత్త పొగరా! నిప్పు నాది కాదు. మీ ప్రతి ఒక్కరి కడుపులోనూ అది ముందే ఉంది. నేను ఊదానంతే! అందరికంటే పెద్ద కుంపటి ఎవడి గుండెల్లో ఉందో చెప్పనా?”

కేయూరుడి ముఖం పాలిపోయింది. ఎందుకంటే ఆ పాపాత్ముడు చెప్పింది నిజం. కళ్ళలో పొగ పోయింది కానీ గుండెల్లో మంట పోలేదు. జయంతసేనుడి గాయానికి సంపంగి తన కొంగు చింపి కట్టు కడుతోంది. అది చూస్తుంటే ఇప్పుడూ, ఇంత జరిగాక కూడా, అతనికి ఒళ్ళు మండుతూనే ఉంది.

“మకరాక్షుడు నాకు చెప్పింది ఒక్కటే పని. ఒక్క మూట చేరకూడదు. ఆ ఒక్కటీ ఎవరి నడుముకుందో నాకు తెలుసు!” అంటూ మాంత్రికుడు చేతులు చాచాడు. జడలన్నీ పెనవేసుకుని రెండు రెక్కలయ్యాయి. మెడ చీలి రెండు తలలయ్యాయి. ఓడ తెరచాపలంతటి రెక్కల గండభేరుండం రేవు మీద నల్లని నీడ పరిచి, బాణం వేగంతో కిందకు వాలి, జయంతసేనుడిని గోళ్ళతో పట్టుకుని పైకి లేచింది.

“కేయూరా! లంగరు!” అని అరిచాడు జయంతసేనుడు.

లంగరు అప్పటికే కేయూరుడి చేతిలో ఉంది. తాడు చుట్ట విడింది. పక్షి కాలు ఇంకా పది బారల ఎత్తులోనే ఉంది. కొంగ కాలు పట్టగలిగినవాడికి అదెంత? చెయ్యి వెనక్కి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు సంపంగి “యువరాజా!” అని గుండెలు బాదుకుంటూ కేక పెట్టింది.

ఆ కేకకు కేయూరుడి చెయ్యి ఆగింది.

ఎంతసేపు? రెప్పపాటు, అంతే. ఆ రెప్పపాటులో అతనేమనుకున్నాడో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, చెప్పక తప్పదు కనక చెబుతున్నాను. ‘పోతే పోనీ’ అనుకున్నాడు. మరుక్షణమే లంగరు విసిరాడు. ప్రాణం పెట్టి విసిరాడు. మూడు కొక్కేలూ పక్షి తోక ఈకను గీరుకుని, ఖాళీగా వచ్చి ఇసుకలో పడ్డాయి. అతని గురి తప్పడం రేవు జనం చూడటం అదే మొదటిసారి.

గండభేరుండం సముద్రం మీదుగా పడమటికి చుక్కలా దూరమైపోయింది.

మేడ దిగి వచ్చిన మకరాక్షుడు, కబురు విని అప్పుడే రేవుకు వచ్చిన మహారాజు ముందు వంగి దండం పెట్టాడు. “ప్రభూ, నా పేరెత్తిన ఆ మాయావి కూతలకు సాక్ష్యం లేదు. పొద్దు వాలడానికి మూడు గడియలుంది. కట్టించిన మూటల్లో ఒకటి ఏ ఇంటికీ చేరలేదు. మీ మాట మీరు నిలబెట్టుకుంటారుగా?”

హేమాంగద మహారాజు కొడుకు పోయిన దిక్కుకేసి చూస్తూ నిలబడ్డాడు. కన్నీరు మీసాల్లోకి జారింది. “నా మాటా నిలుస్తుంది, కేయూరుడి మాటా నిలుస్తుంది. కానీ సూర్యుడు సముద్రంలో దిగేదాకా ఎవడూ ఏ తలా ముట్టడానికి వీల్లేదు” అన్నాడు. 

“ఆ మూట ఏ ఇంటిదని లెక్క?” అడిగాడు కేయూరుడు, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు. “కుంపట్లన్నీ నేను చూశాను. ఆ ఒక్కటీ ఏ కుంపటిది?”

సంపంగి గిరుక్కున తిరిగింది. విరిగిన బండి దగ్గరకు వెళ్ళి, పెంకుల మధ్య నుంచి గుడ్డ కప్పిన వస్తువును తీసి తెచ్చి, అతని కాళ్ళ ముందు పెట్టి, గుడ్డ లాగేసింది. కొత్త కుంపటి. అంచు చుట్టూ సన్నగా ఉప్పు తక్కెడల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మధ్యలో పేరు ఉంది. కేయూరుడు.

“కేయూరుడికి తిండి సత్రంలో, పడక గుర్రాలసాలలో. ఊరందరికీ మూటలు పంచేవాడికి కుంపటి లేదు, అందుకని మూట లేదు, నాకు సిగ్గుగా ఉంది సంపంగీ అన్నారు యువరాజుగారు. ఈ బొమ్మలు ఆయనే చెప్పి చెక్కించారు. మూట ఆయనే కుట్టించారు. సాయంత్రం నిన్ను మా గుడిసెకు తీసుకొచ్చి, మా నాన్నను ఒప్పించి, నా చేత పాలు పొంగించాలని…” ఆమె కుంపటిని అతనివైపు తోసింది. “నీకోసమయ్యా! ఇన్ని రోజులూ మేము గుసగుసలాడుకుంది నీకోసం!”

కేయూరుడు దాని ముందు కూర్చున్నాడు. కుంపటి అంచు తడిమాడు. పొడి మట్టి. పాల చార లేదు. ఎంతమంది కుంపట్లకు ఆ చార చూసి మూటలిచ్చాడో ఆ వేళ్ళతోనే తడిమాడు. ఏడుపు కూడా రాలేదు. లేచి, కుంపటి చంకన పెట్టుకుని, పక్కన మండుతున్న నిప్పులు నాలుగు అందులో వేసుకుని, దగ్గరున్న జాలరి దోనెలోకి దూకాడు. “నీళ్ళ మీద ఉన్నా ఇల్లే అన్నారు మహారాజు. జయంతుడు దొరికిన చోటే, మూట దొరికిన చోటే పాలు పొంగుతాయి. దొరక్కపోతే నా తల కోసం మీరు వెతుక్కోనక్కర్లేదు” అని తెరచాప ఎత్తాడు.

దోనె ఒడ్డు వదిలే వేళకు ధబ్బుమని ఒక పాలకడవ అందులో పడింది, వెనకే సంపంగి పడింది.

“నువ్వెందుకు? దిగు!”

“పాలెవరు పొంగిస్తారనుకున్నావు? నువ్వా? మాడ్చి పెడతావు.”

తూర్పుగాలి తెరచాపను బిగించింది. అరగడియలో రేవు బురుజులు వెనకబడ్డాయి. నల్లపొగ దీవి మీద మబ్బు గీతలా కనిపించసాగింది. సూర్యుడు ఎర్రబడుతున్నాడు. సంపంగి కుంపటికి గాలి తగలకుండా కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. 

“నీ చెయ్యి ఆగడం నేను చూశాను” అంది ఆమె నెమ్మదిగా.

కేయూరుడు చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు. “చూశావా.”

“చూశాను. ఆయన కూడా చూశారు.”

అతను జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా సముద్రం ఉబ్బింది. దోనె ముందు నీళ్ళు చీల్చుకుని, పాచి పట్టిన పొలుసులతో, ఏడు పడగలతో, దీవి కావలి మహాసర్పం నిలువునా లేచింది. ఒక్కొక్క పడగా ఒక్కొక్క ఓడంత ఉంది. నడిమి పడగ నోటి మూలన, కోరకు చిక్కుకుని, నెత్తుటి మరకల కొంగుముక్క ఒకటి గాలికి ఊగుతోంది. అది సంపంగి కొంగుముక్క. జయంతసేనుడి భుజానికి కట్టింది.

“కుంపటి జాగ్రత్త!” అని అరిచి కేయూరుడు లేచి నిలబడ్డాడు. ఈసారి లంగరు అతని చెయ్యి దాటడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.